పది డాలర్లకి అమ్ముడుపోయిన వీరుడు

1941 ఏప్రిల్. అమెరికాలో ఏ ఊళ్లో చూసినా సోమ, బుధ, శుక్రవారాల్లో సాయంత్రం ఏడున్నరయ్యేసరికి పిల్లలంతా రేడియో ముందు చేరిపోయేవారు. ముందు బ్యాండు మోగుతుంది. వెనకే గుర్రపు డెక్కల చప్పుడు. ఆ తర్వాత తెల్ల గుర్రాన్ని పేరు పెట్టి పిలిచే ఓ పెద్ద కేక. ఆ కేక వినపడితేనే పిల్లలకి ఆ పూట అన్నం సహించేది!

ఆ నెల రెండోవారంలో కేక వినిపించలేదు. ముసుగు వీరుడు లోన్ రేంజర్ గాయపడ్డాడు. మంచంలో ఉన్నాడు. మాట పెగలడం లేదు. ఊపిరి పీల్చుకోవడం, మహా అయితే ఓ గుసగుస. పక్కనుండే నేస్తం టొంటోయే కథంతా నడిపించుకొస్తున్నాడు. ఒకరోజు కాదు, వరసగా కొన్ని భాగాలు ఇలాగే సాగాయి. పిల్లలు బెంగపెట్టుకున్నారు. ఇక బతుకుతాడో లేదోనని అమ్మల్ని అడిగి విసిగించారు.

అమ్మలకి అసలు సంగతి తెలుసు. పేపర్లలో వచ్చింది. ఎనిమిదేళ్లుగా ఆ వీరుడికి గొంతునిచ్చిన ఎర్ల్ గ్రేజర్ ఏప్రిల్ 8 తెల్లవారుజామున కారు ప్రమాదంలో పోయారు. అప్పటికి ఆయనకి 32 ఏళ్లే. గొంతు పోయింది, వీరుడు పోకూడదు. కొత్త గొంతు ఒక్కసారిగా వినిపిస్తే పిల్లలు ఒప్పుకోరు. అందుకే కథలోనే వీరుడికి గాయం చేశారు. కోలుకుని లేచేసరికి గొంతు కొంచెం మారినట్టుంటే, జబ్బుపడి లేచిన మనిషి కదా అని సరిపెట్టుకుంటారు. అదే జరిగింది. అప్పటిదాకా అదే కార్యక్రమానికి అనౌన్సర్ గా ఉన్న బ్రేస్ బీమర్ కొత్త లోన్ రేంజర్ అయ్యారు. పిల్లలు నమ్మారు. గుర్రం మళ్లీ పరుగెత్తింది.

ఆ స్క్రిప్టులన్నిటికీ పెద్ద దిక్కు ఓ సన్నపాటి, కళ్లజోడు పెట్టుకున్న మనిషి. పేరు ఫ్రాన్ స్ట్రైకర్. పిల్లలెవరికీ ఆయన తెలియదు. రేడియోలో వీరుడి సృష్టికర్త అంటూ చెప్పే పేరు కూడా ఆయనది కాదు. ఆ పేరు ఎందుకు కాలేదో చెప్పాలంటే కథ కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఫ్రాన్సిస్ హామిల్టన్ స్ట్రైకర్ 1903 ఆగస్టు 19న న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరంలో పుట్టారు. నయాగరా జలపాతానికి దగ్గర్లో ఉంటుందే, ఆ బఫెలో. ఊళ్లోని యూనివర్సిటీలో చేరారు కానీ డిగ్రీ పూర్తి చెయ్యలేదు. నాటకాల పిచ్చి పట్టుకుంది. కొన్నాళ్లు వేదికల చుట్టూ తిరిగి, చివరికి బఫెలోలోనే ఓ రేడియో స్టేషన్ లో కుదురుకున్నారు. అప్పట్లో చిన్న స్టేషన్ లో ఉద్యోగమంటే ఇదీ అదీ అని ఉండేది కాదు. మైకు ముందు మాట్లాడాలి, కార్యక్రమాలు చూసుకోవాలి, కథలు రాయాలి. ఈ మూడోదాంట్లోనే ఆయనకి చెయ్యి తిరిగింది. డిటెక్టివ్ కథలు, గూఢచారి కథలు, బళ్లు కట్టుకుని పడమటి దేశానికి వలసపోయిన జనాల కథలు... ఏది అడిగితే అది.

రాసిన స్క్రిప్టుని ఒక్క స్టేషన్ కి ఇచ్చి ఊరుకోలేదు. కాపీలు తీసి పోస్టులో దేశం నలుమూలల ఉన్న చిన్న చిన్న స్టేషన్లకి పంపేవారు. ఒక్కోదానికి ముట్టేది కొద్ది డాలర్లే. కానీ ఒకే కూరని నాలుగిళ్లకి పంచినట్టు, ఒకే కథ పది చోట్ల అమ్ముడుపోతే ఇంటి ఖర్చు గడిచేది. పెళ్లయింది. భార్య జానెట్, ఆ తర్వాత పిల్లలు. వాళ్లు మాత్రమే కాదు, ఆయన సంపాదన వైపు చూసే బంధువర్గం కూడా పెద్దదే.

రోజులు మంచివి కావు మరి. 1929లో షేర్ మార్కెట్ కుప్పకూలాక అమెరికా కోలుకోలేదు. 1933 వచ్చేసరికి పనిచెయ్యగలిగిన ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు. ఏ ఇంట్లో ఒకరికి నికరమైన ఆదాయముంటే ఆ ఇంటికి అత్తవైపు వాళ్లూ, మామవైపు వాళ్లూ చేరేవారు. ఎవర్ని కాదంటారు? స్ట్రైకర్ ఎవర్నీ కాదన్నట్టు లేదు. టైప్ రైటర్ వేగం పెంచారంతే.

ఇక డెట్రాయిట్ వైపు వెళ్దాం. కార్ల ఫ్యాక్టరీల ఊరు. అక్కడ జార్జ్ ట్రెండిల్ అనే లాయరు సినిమా హాళ్ల వ్యాపారంలో బాగా గడించి, 1930లో ఒక రేడియో స్టేషన్ కొన్నారు. దానికి డబ్ల్యు.ఎక్స్.వై.జెడ్. అని పేరు పెట్టారు. 1932లో పెద్ద నెట్ వర్క్ తో తెగతెంపులు చేసుకోవడంతో, సొంతంగా కార్యక్రమాలు తయారుచేసుకోవాల్సి వచ్చింది. ట్రెండిల్ చెయ్యి గట్టిదని డెట్రాయిట్ లో అందరికీ తెలుసు. తక్కువ ఖర్చులో ఎక్కువ జనం వినేది ఏదైనా కావాలి. పిల్లలకి నచ్చాలి, తల్లిదండ్రులు తిట్టకూడదు. పడమటి దేశపు కౌబాయ్ కథ అయితే బాగుంటుందనుకున్నారు. అప్పటికే తమ స్టేషన్ కి స్క్రిప్టులు అమ్ముతున్న బఫెలో రచయితకి కబురు పెట్టారు.

స్ట్రైకర్ దగ్గర సమయం లేదు. పాత బళ్ల కథల్లోంచి ఒక స్క్రిప్టు తీసి, మార్చి, పేర్లు తిప్పి పంపారు. ఉత్తరాలు అటూ ఇటూ నడిచాయి. ముసుగుండాలి, గుర్రముండాలి, తుపాకిలో వెండి గుళ్లుండాలి. వెండి గుండెందుకంటే, అది ఖరీదైంది కాబట్టి ఊరికే పేల్చబుద్ధి కాదు. ప్రాణం ఖరీదు గుర్తుచేసే గుండన్నమాట. వీరుడు ఎవర్నీ చంపడు. చేతిలోని తుపాకీ ఎగిరిపోయేలా కొడతాడు, అంతే.

1933 జనవరి నెలాఖరున లోన్ రేంజర్ మొదటిసారి ప్రసారమయ్యాడు. సరిగ్గా రెండు వారాలకి, ఫిబ్రవరి 14న, మిషిగన్ రాష్ట్రంలో బ్యాంకులన్నీ మూసేశారు. దాచుకున్న డబ్బు దాచుకున్నట్టే లోపలుండిపోయింది, ఇంట్లో చిల్లర లేదు. ఆ ఊళ్లో ఆ చలికాలంలో పైసా ఖర్చు లేకుండా దొరికిన వినోదం రేడియో ఒక్కటే. అన్యాయాన్ని ఎదిరించి, ప్రతిఫలం అడక్కుండా, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయే ముసుగు మనిషి అప్పుడు వాళ్లకెలా కనిపించి ఉంటాడో ఊహించుకోండి.

మొదటి కొన్ని కథల్లో వీరుడు ఒంటరే. పేరులోనే ఉంది కదా. కానీ రేడియోలో ఒంటరివాడితో చాలా చిక్కు. మనసులో మాట ఎవరితో చెప్తాడు? గుర్రంతో ఎంతసేపని మాట్లాడతాడు? అందుకని కొద్ది వారాలకే టొంటో అనే రెడ్ ఇండియన్ నేస్తాన్ని తెచ్చారు. ఆ పాత్ర వేసింది జాన్ టాడ్ అనే తలపండిన రంగస్థల నటుడు. ఆయన తెల్లవారే. టొంటో చేత మాట్లాడించిన వచ్చీరాని ఇంగ్లీషు ఆ జాతివాళ్లకి తర్వాత్తర్వాత ఎంతో బాధ కలిగించింది. స్పానిష్ లో ఆ పేరుకి తెలివితక్కువవాడనే అర్థం కూడా ఉంది. తన వీరుణ్ణి ఇంత న్యాయంగా తీర్చిన స్ట్రైకర్ ఈ ఒక్క చోట తన కాలాన్ని దాటలేకపోయారు. అయినా ఒక మాట చెప్పుకోవాలి. కథలో ప్రతిసారీ ప్రాణం కాపాడేది, తోవ చూపేది, మాట తప్పనిది టొంటోయే.

జనానికి ఇది ఎంత నచ్చిందో స్టేషన్ వాళ్లకి మొదట తెలియదు. మేలో ఒక చిన్న పరీక్ష పెట్టారు. ముందుగా ఉత్తరం రాసిన 300 మందికి బొమ్మ తుపాకి ఉచితమన్నారు. దాదాపు 25 వేల ఉత్తరాలు వచ్చిపడ్డాయి! జూలైలో డెట్రాయిట్ లోని బెల్ ఐల్ పార్కుకి లోన్ రేంజర్ స్వయంగా వస్తాడని చెప్పారు. 70 వేల మంది వచ్చారు. పిల్లలు తాళ్లు తెంచుకుని మీద పడబోతుంటే పోలీసుల వల్ల కాలేదు. వీరుడే చెప్పి వెనక్కి పంపాల్సొచ్చింది. ఆ ఏడాది చివరికి ఓ బ్రెడ్ కంపెనీ స్పాన్సర్ గా దొరికింది. 1934లో డెట్రాయిట్, షికాగో, సిన్సినాటి, న్యూయార్క్ ల స్టేషన్లు నాలుగూ కలిసి మ్యూచువల్ అనే కొత్త నెట్ వర్క్ పెట్టుకున్నాయి. అందరికీ కావలసిన సరుకు ఈ ముసుగు వీరుడే.

అంటే, డబ్బు కురవడం మొదలైందన్నమాట. సరిగ్గా అప్పుడే, 1934 మేలో, స్ట్రైకర్ ముందుకి ఒక కాగితం వచ్చింది. లోన్ రేంజర్ మీద తనకున్న హక్కులన్నీ ట్రెండిల్ కి రాసిస్తున్నట్టు ఆ కాగితం సారాంశం. ప్రతిగా ముట్టిన సొమ్ము 10 డాలర్లు.

పొరపాటున పడిన అంకె కాదు. పదే.

ఎందుకు సంతకం పెట్టారు? అమాయకుడా? ఆ మాట అనడం తేలిక. ఆయన వైపు నుంచి చూస్తే లెక్క వేరు. ఆ కాగితంతోపాటు డెట్రాయిట్ లో నికరమైన ఉద్యోగం ఉంది. అప్పటిదాకా పోస్టులో కొద్ది డాలర్ల చొప్పున ఏరుకుంటున్న మనిషి. ఇంటినిండా తినే నోళ్లు. పని దొరక్క రోడ్డున పడ్డవాళ్లు వీధి వీధికీ కనిపిస్తున్న రోజులు. ఒకటో తారీకున వచ్చే జీతం విలువేమిటో ఇల్లు నడిపే ఆడవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. పైగా అది రేడియో కథ. ఎన్నాళ్లుంటుందో ఎవరికి తెలుసు? ఒకటి పోతే ఇంకొకటి రాసుకోగలనన్న ధైర్యం కూడా ఆ వయసులో ఉండి ఉంటుంది. అప్పటికి ఆయనకి 30 ఏళ్లే.

అయినా మనసు ఒప్పుకోదు. ఇవ్వక తప్పని మనిషి దగ్గర అడిగి పుచ్చుకున్నది బేరమెలా అవుతుంది?

కుటుంబంతో డెట్రాయిట్ చేరాక స్ట్రైకర్ చేసిన చాకిరీ వింటే కళ్లు తిరుగుతాయి. లోన్ రేంజర్ వారానికి మూడు అరగంటలు, ఏడాదికి 156. 1936 జనవరిలో గ్రీన్ హార్నెట్ అనే ఇంకో సీరియల్ మొదలైంది, దానికి వారానికి రెండు. ఇవికాక పేపర్లకి లోన్ రేంజర్ బొమ్మల కథ రోజూ ఉండాలి. నవలలు రాయాలి. సినిమావాళ్లకి కథలు చూడాలి. ఉజ్జాయింపుగా వారానికి 60 వేల పదాలని లెక్కగట్టారు. రెండు వేళ్లతో కాగితం తోసుకుంటూ కాదు, పొద్దున కూచుంటే రాత్రిదాకా. తర్వాత్తర్వాత సహాయ రచయితలు వచ్చారు కానీ ప్రతి కథా ఆయన చేతి కిందనుంచి పోవలసిందే.

గ్రీన్ హార్నెట్ కథ చిత్రమైంది. పేపరు యజమాని బ్రిట్ రీడ్ పగలు పెద్దమనిషి, రాత్రి ముసుగు వేసుకుని దొంగల్ని పట్టే మనిషి. అసలు రహస్యమేంటంటే, ఆ రీడ్ లోన్ రేంజర్ అన్నగారి మనవడు! పాత వీరుడి హక్కు చెయ్యి దాటిపోయినా, కొత్త వీరుణ్ణి ఆయన వంశంలోనే పుట్టించారు చూశారా. దాని హక్కూ ట్రెండిల్ దేననుకోండి. అందులో కారు నడిపే కాటో మొదట జపాన్ వాడు. ఆసియాలో జపాన్ దాడులు పెరిగి అమెరికాలో ఆ దేశమంటే ఒళ్లు మండే రోజులొచ్చేసరికి, 1940 నాటి సినిమా సీరియల్ లో అతను కొరియావాడయ్యాడు. రేడియోలో ఫిలిప్పీన్స్ వాడయ్యాడు. మనిషి అతనే, ఉద్యోగం అదే. దేశాల మధ్య పేచీ వస్తే పిల్లల కథలో పనివాడికి కూడా ఊరు మార్చాల్సి వచ్చింది.

ఇంతకీ ఈ సీరియల్స్ అంటే తల్లులందరూ మురిసిపోయారనుకునేరు. లేదు. 1933లోనే న్యూయార్క్ దగ్గరి స్కార్స్ డేల్ అనే ఊళ్లో పిల్లల బడికి చెందిన తల్లిదండ్రుల సంఘం ఒక పని చేసింది. పిల్లలు వినే 40 కార్యక్రమాల్ని కూచుని విని మార్కులు వేసింది. బాగున్నాయని తేలినవి అయిదే. పిల్లలు పడిచచ్చే లిటిల్ ఆర్ఫన్ యానీ, అదే అనాథ పాప యానీ సీరియల్, మరీ చెడ్డవాటిలో పడింది. పాపని ఎవరో ఎత్తుకుపోయే చోట ఆ రోజు భాగం ఆపేస్తే, ఈ పిల్లలు రాత్రి నిద్రపోరు, పీడకలలు. తెల్లారి బడికి వెళ్లరు. ఈ గొడవ దేశమంతా పాకింది. ఆడవాళ్ల క్లబ్బులు తీర్మానాలు చేశాయి. 1935లో ఓ పెద్ద నెట్ వర్క్ పిల్లల కార్యక్రమాలకి నియమాలు పెట్టుకోక తప్పలేదు. సీరియల్ టైముకి అన్నం కంచం ముందుకి రాని పిల్లాణ్ణి బతిమాలిన ఏ తల్లికైనా స్కార్స్ డేల్ అమ్మలు దగ్గరివాళ్లలా అనిపిస్తారు.

ఈ తుఫానులో లోన్ రేంజర్ పెద్దగా తడవలేదు. దానికి కారణం ట్రెండిల్ జాగ్రత్త, స్ట్రైకర్ ఓర్పు. వీరుడు తాగడు, పొగ పీల్చడు, తిట్టడు. చక్కటి వ్యాకరణంతో మాట్లాడతాడు. సారా దుకాణంలో జరగాల్సిన సీను కాఫీ హోటల్లో జరిగేది. ప్రేమ వ్యవహారాలు లేవు. పైగా ఏ రోజు కథ ఆ రోజుకి తేలిపోతుంది. కొండ అంచున వేలాడదీసి, మళ్లీ రేపు వినండని పిల్లల్ని పడుకోబెట్టడం లేదు. నిద్రపోయే ముందు దొంగ దొరికిపోయాడు, మంచివాడు గుర్రమెక్కి వెళ్లిపోయాడు. తల్లులకి ఇంతకన్నా ఏం కావాలి?

నియమాల పట్టీ పక్కనపెట్టుకుని వారానికి మూడు కథలు రాయడం, ఒక్కటీ ఇంకోదానిలా లేకుండా రాయడం మాత్రం మామూలు సంగతి కాదు. చంపకూడదు, ప్రేమించకూడదు, తాగకూడదు. ఇక మిగిలిందేమిటి? తెలివి. స్ట్రైకర్ వీరుడు మారువేషాల్లో ఊళ్లోకి వెళ్లి, మాటలు విని, ఆలోచించి నెగ్గుతాడు. పొలం పోగొట్టుకోబోతున్న విధవరాలు, బ్యాంకు మోసంలో ఇరుక్కున్న రైతు, అన్యాయంగా జైలుకెళ్లిన కుర్రాడు... ఇలాంటివాళ్ల పక్షాన నిలబడతాడు. కథ 19వ శతాబ్దంలో నడుస్తున్నా, వింటున్నవాళ్లకి అవి తమ వీధిలోని కష్టాలే.

స్టూడియోలో ఇదంతా జరిగే తీరు చూస్తే నవ్వొస్తుంది. పరుగెత్తే గుర్రం అంటే, సింకులో నీళ్లు ఆగిపోతే నొక్కుతామే, ఆ రబ్బరు గిన్నెల్ని కంకర పెట్టె మీద టకటకా కొట్టడం. దేశంలో తూర్పుకీ పడమరకీ గంటల తేడా ఉంది కనుక, రికార్డులు వచ్చేదాకా ఒకే నాటకాన్ని ఒక్క రోజులో మూడుసార్లు వేసేవారు. మొదట్లో మోగే ఆ బ్యాండు ఇటలీ సంగీతకారుడు రోసీనీది, విలియం టెల్ అనే నాటకానికి కట్టింది. పాతది కాబట్టి ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు. ట్రెండిల్ గారి స్టేషన్ కదా!

మళ్లీ 1941కి వద్దాం. యూరప్ లో యుద్ధం మొదలై రెండేళ్లు కావస్తోంది. అమెరికా ఇంకా దిగలేదు, కానీ దిగుతుందని పెద్దవాళ్ల మొహాలే చెప్తున్నాయి. సాయంత్రం రేడియోలో పిల్లల కథలు అప్పటికే యుద్ధంలోకి దిగిపోయాయి. విమానం నడిపే కెప్టెన్ మిడ్ నైట్, స్కూలు కుర్రాడు జాక్ ఆర్మ్ స్ట్రాంగ్... ఎటు తిప్పినా గూఢచారులు, జలాంతర్గాములు, రహస్య సంకేతాలు. పాపం యానీకి అన్యాయం జరిగింది. పదేళ్లు ఆమె పేరు చెప్పి పిల్లల చేత ఓవల్టీన్ తాగించిన కంపెనీ, 1940లో ఆమెని వదిలేసి కెప్టెన్ మిడ్ నైట్ ని పట్టుకుంది. అనాథ పాప బదులు విమానం నడిపే మగాడు కావాల్సి వచ్చాడు. ఒక ఊరట, ఆ మిడ్ నైట్ దళంలో జాయిస్ అనే అమ్మాయి కూడా ఉంది. అబ్బాయిలతో సమానంగా ఆపదల్లోకి దూకేది.

అలాంటి రోజుల్లో గ్రేజర్ పోయారు. ఆ వారం ఆ స్టేషన్ లో పరిస్థితి ఒక్కసారి తలుచుకోండి. తోటి మనిషి పోయిన దుఃఖం ఒకపక్క. సాయంత్రం ఏడున్నర ఆగదు, అది ఇంకోపక్క. వీరుడు చచ్చిపోయాడనో, ఊరెళ్లాడనో చెప్పెయ్యొచ్చు. చెప్పలేదు. వీరుడికి కూడా దెబ్బ తగులుతుంది, లేవడానికి కొన్ని రోజులు పడుతుంది, ఆ రోజుల్లో పక్కనున్న నేస్తం భారం మోస్తాడు అని కథగా చెప్పారు. ఆ పిల్లల్లో ఎంతమంది నాన్నలు, అన్నలు ఇంకో ఎనిమిది నెలలకి యూనిఫాం వేసుకోబోతున్నారో అప్పుడెవరికీ తెలియదు. డిసెంబరు 7 ఆదివారం పెర్ల్ హార్బర్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ మర్నాడు సోమవారం, లోన్ రేంజర్ వచ్చే రోజు. 1942లో వీరుడి పేరు మీద పిల్లల దళం పెట్టి, యుద్ధానికి ఇంటి దగ్గరనుంచి చెయ్యగల చిన్న చిన్న పనులు పిల్లలకి అప్పగించారు.

యుద్ధం అయిపోయింది. 1949 సెప్టెంబరులో లోన్ రేంజర్ టీవీలోకి వచ్చాడు. క్లేటన్ మూర్ ముసుగు వేసుకున్నారు. టొంటోగా ఈసారి నిజంగా మొహాక్ జాతికి చెందిన జే సిల్వర్ హీల్స్ వేశారు. స్ట్రైకర్ రేడియోకి రాసిన పాత కథలు టీవీకి ఎంతో ఉపయోగపడ్డాయి. తన పేరుతో, తన హక్కుతో ఏదైనా ఉండాలని కాబోలు, మగపిల్లల కోసం టామ్ క్వెస్ట్ అనే కొత్త సాహస నవలలు 1947 నుంచి రాయడం మొదలుపెట్టారు. బాగానే చదివారు కానీ ముసుగు వీరుడి ముందు అవి నిలబడలేదు. తను కన్నదానితోనే తను పోటీపడాల్సి రావడం ఏం కర్మో!

1954 ఆగస్టులో ట్రెండిల్ లోన్ రేంజర్ ని జాక్ రాదర్ అనే నిర్మాతకి అమ్మేశారు. ధర 30 లక్షల డాలర్లు. అప్పటికి అలాంటి బేరం రేడియో, టీవీ రంగాల్లో ఎవరూ ఎరగరు. 20 ఏళ్ల కింద 10 డాలర్లు పుచ్చుకున్న మనిషికి అందులో వాటా లేదు. సెప్టెంబరు 3న స్టూడియోలో ఆఖరి లైవ్ నాటకం అయిపోయింది. మొత్తం 2,956 భాగాలు. అన్నేళ్లూ భాగం అయిపోగానే అనౌన్సర్ గడగడా చదివే వివరాల్లో సృష్టికర్త జార్జ్ ట్రెండిల్ అని వినిపించేది. ఫ్రాన్ స్ట్రైకర్ పేరు ఆ తర్వాత వచ్చేది. సంపాదకుడిగా.

ట్రెండిల్ ని దుర్మార్గుడని కొట్టిపారెయ్యడం కూడా సబబు కాదు. కార్యక్రమం ఎలా ఉండాలో ఆయనకి స్పష్టంగా తెలుసు. డబ్బు పెట్టారు, ధైర్యం చేశారు, చెత్త రాకుండా కాపలా కాశారు. కానీ వారానికి 60 వేల పదాలు ఆయన రాయలేదు కదా.

స్ట్రైకర్ ఈ విషయమై వీధికెక్కలేదు. డెట్రాయిట్ వదిలి మళ్లీ సొంత ప్రాంతానికి వచ్చేశారు. బఫెలో యూనివర్సిటీలో, ఒకప్పుడు తను డిగ్రీ మధ్యలో వదిలేసిన చోటే, రచన ఎలా చెయ్యాలో విద్యార్థులకి పాఠాలు చెప్పారు. తన పూర్వీకులు బతికిన పశ్చిమ న్యూయార్క్ నేపథ్యంతో ఒక నవల రాసుకున్నారు. ముసుగులూ వెండి గుళ్లూ లేని కథ. అది అచ్చయి వచ్చేనాటికి ఆయన లేరు.

1962 సెప్టెంబరు 4. కుటుంబం కొత్త ఇంట్లోకి మారుతోంది. సామాన్లు సర్దే హడావుడి ఎలా ఉంటుందో తెలుసుగా. ఆ రోజున బఫెలో దగ్గర ఎల్మా అనే చోట కారు ప్రమాదంలో స్ట్రైకర్ కన్నుమూశారు. ఎర్ల్ గ్రేజర్ పోయింది కూడా అలాగే. ఆయనకి 59 ఏళ్లు.

గ్రేజర్ పోయినప్పుడు గొంతు మార్చినట్టే, వీరుడు ఆ తర్వాత కూడా మనుషుల్ని మార్చుకుంటూ బతికాడు. కార్టూన్లొచ్చాయి, సినిమాలొచ్చాయి. 2013లో డిస్నీ వాళ్లు జానీ డెప్ ని టొంటోగా పెట్టి కోట్లు పోసి మళ్లీ తీశారు. స్ట్రైకర్ కి గుర్తింపు ఆలస్యంగా వచ్చింది, 1988లో రేడియో ప్రముఖుల జాబితాలో చేర్చారు. కొడుకు తండ్రి జీవితాన్ని పుస్తకంగా రాశాడు. టైప్ కొట్టిన ఆయన స్క్రిప్టులు, కాగితాలు బఫెలో యూనివర్సిటీ లైబ్రరీలోనే భద్రంగా ఉన్నాయి. ఆ అట్టపెట్టెల మీదున్నది మాత్రం ఆయన పేరే.